ముందు దులుపు, తర్వాత తడుపు

"నేనేమన్నా కుర్చీనా, ఒక మూల నుంచి తీసి ఇంకో మూల వెయ్యడానికి?"

నిన్నటి నుంచి నోరు విప్పని మేస్త్రీ మొదటిసారి పలికిన మాట ఇది. అదీ కూతురితో కాదు, ఎదురుగా ఉన్న టీ కప్పుతో.

"కుర్చీ దగ్గదు నాన్నా," అంది కూతురు.

ఊపిరితిత్తుల ఆసుపత్రిలో రోగుల చేత గొట్టంలోకి ఊదించి, ఎవరి ఊపిరి ఎంతుందో కొలిచే ఉద్యోగం ఆమెది. ఊరందరి ఊపిరీ కొలిచే పిల్ల తండ్రి దగ్గు విని ఊరుకుంటుందా? ఆయనకు మాటమాత్రమైనా చెప్పకుండా రాగి ఫ్యాక్టరీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి, ఆయన్ని ఫర్నేస్ ముందు నుంచి తప్పించి స్టోర్ రూములో కూర్చోబెట్టించింది. చేసిన పని మంచిదే, చేసిన తీరే బాగాలేదు. ఇన్నేళ్ళూ కరిగిన రాగిని అచ్చుల్లో పోయించిన మనిషి ఇప్పుడు కిటికీ వెనక కూర్చుని కుర్రవాళ్ళకు చేతి తొడుగులు పంచుతున్నాడు.

"ఎడమ చేతివి రెండు ఇచ్చానని నిన్న ఒకడు నవ్వాడు," అన్నాడు మేస్త్రీ, మళ్ళీ కప్పుతోనే. "నా దగ్గర పని నేర్చుకున్నవాడు."

"నవ్వనీ. ఊపిరి ఉంటే ఎన్ని నవ్వులైనా భరించొచ్చు."

"తాతకు దగ్గులు నేర్పకు. నా ఊపిరి సంగతి నాకు తెలీదా?"

"తాతవి కాకముందే దగ్గులు నేర్చేసుకున్నావు కదా నాన్నా, దాని బాధ అదే," అన్నాడు కొడుకు. బస్సు నడుపుతాడు కాబట్టి ఎవరి గొడవకైనా మధ్యలో హారన్ కొట్టే అలవాటు ఉంది.

"పొద్దున్నే ఆయన మీద పడకండి," అంది తల్లి వంటింటి గుమ్మంలోంచి. కాసేపు ఆగి, "టీ చల్లారిపోతోంది," అంది. మాటకీ మాటకీ మధ్య అలా ఆగడం ఈమధ్య ఆమెకు అలవాటైంది. వయసుతో పాటు నిదానం వచ్చిందని ఇంట్లో అందరూ సంతోషించారు కూడా.

సెలవు రోజు కాబట్టి గొడవకు తొందరేమీ లేదు. కూతురు లేచి తన సంచీలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. జానెడు పొడవు, పక్కన గీతలు, గీతల మీద ఎర్రటి ముల్లు. ఊదితే ముల్లు పైకి జరుగుతుంది. ఎంత జోరుగా ఊదితే అంత పైకి.

"నీ ఊపిరి నీకు తెలుసన్నావుగా. ఊదు మరి."

మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆయన. కానీ పందెం అంటే వెనక్కి తగ్గడు. నిలబడి, ఛాతీ నింపుకుని, ఫర్నేస్ పోయిన కోపమంతా అందులోకి ఊదాడు. ముల్లు సగం దాటి ఆగింది. వెంటనే దగ్గు తెర వచ్చింది.

"చూశావా, సగం దాటింది," అన్నాడు దగ్గు మధ్యలో.

"నీ ఎత్తుకి, నీ వయసుకి ఇంకా పైన ఉండాలి నాన్నా. మరీ చెడిపోలేదు. అందుకే ఇప్పుడే తప్పించాను."

కొడుకు లాక్కుని ఊదాడు. ముల్లు పైదాకా వెళ్ళింది. వాడు బస్సు పందెం గెలిచినట్టు చేతులెత్తాడు.

"ఇక అమ్మ," అన్నాడు. "జాగ్రత్త, గొట్టం పగులుతుంది. అమ్మ నోరంటే మాటలా? వెనక పెరట్లో నిలబడి పిలిస్తే నేను వీధి చివర ఆట ఆపేసి వచ్చేవాణ్ణి."

ఆ మాట నిజమే. ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఆ వరసలో ఎవరింట్లో గంట అవసరమైనా ఆమె గొంతే గంట. పాలవాణ్ణి ఆపాలన్నా, నీళ్ళు వచ్చాయని చెప్పాలన్నా, ఎవరి పిల్లాడు గోడెక్కాడో ఊరికి తెలియాలన్నా అందరూ ఆమెనే అడిగేవారు. అందరికీ ఆమె పెద్దమ్మే.

"నాకెందుకురా ఇవన్నీ," అంటూనే చేతులు తుడుచుకుని వచ్చింది. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదింది.

ముల్లు కదిలిందా లేదా అన్నట్టు కదిలి, కింది గీతల దగ్గరే ఆగిపోయింది.

కొడుకు పడీ పడీ నవ్వాడు. మేస్త్రీ కూడా, అలిగిన సంగతి మరిచిపోయి, నవ్వాడు. "పొయ్యి ఊదినట్టు ఊదావు. గొట్టం మీద కాదు, లోపలికి ఊదాలి."

"ఇది పాడైనట్టుంది," అంది ఆమె నవ్వుతూనే.

"పెదాలు బిగించి పట్టుకో అమ్మా. గాలి పక్కల నుంచి పోతోంది. మళ్ళీ ఊదు," అంది కూతురు. ఆమె కూడా నవ్వుతూనే ఉంది.

రెండోసారి ముల్లు ఇంకా కిందనే ఆగింది. మూడోసారి ఊదాక తల్లి కుర్చీ వీపు పట్టుకుంది.

కూతురు తల్లి పెదాలనే చూస్తోంది. పెదాలు బిగించే ఉన్నాయి. గాలి పక్కల నుంచి పోలేదు. రోజూ ఎంతోమందిని అలా చూసే కళ్ళవి, పొరపాటు పడలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. ఇల్లంతా తండ్రి దగ్గే వినపడుతుంటే, దగ్గని మనిషి వైపు తాను ఒక్కసారీ చూడలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. దీపం కిందే చీకటి అంటారే, అలాగయింది.

"రేపు నాతో ఆసుపత్రికి రా అమ్మా," అంది.

"మీ నాన్న కదా రావాల్సింది?"

"నాన్న కాదు. నువ్వే."

మేస్త్రీ కప్పు వైపు చూడ్డం మానేసి, నిన్నటి నుంచి మొదటిసారి భార్య ముఖంలోకి చూశాడు.

* * *

ఆసుపత్రిలో ఊదే గది చిన్నది. అద్దాల పెట్టెలాంటి దాంట్లో తల్లిని కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించింది కూతురు. ఎదురుగా తెర మీద ఒక గీత వస్తుంది. బాగున్నవాళ్ళకు ఆ గీత నిటారుగా లేచి నెమ్మదిగా దిగుతుంది.

"నిండా పీల్చు. ఇంకా. ఇంకా. ఇప్పుడు ఊదు. ఊదు ఊదు ఊదు, ఆపకు, ఇంకొంచెం, ఇంకొంచెం."

ఈ మాటలు ఆమె రోజూ అనేవే. ఆ రోజు మాత్రం "ఇంకొంచెం" అన్న మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. తెర మీద గీత కొంచెం లేచి, లోపలికి కుంగి, ఎంతకీ తేలకుండా సాగింది. మందు పీల్పించి మళ్ళీ ఊదించినా పెద్ద తేడా రాలేదు.

అద్దం లోపలి నుంచి తల్లి కనుబొమలెగరేసి అడిగింది, పాసా ఫెయిలా అన్నట్టు. కూతురు బొటనవేలు పైకెత్తింది. ఆ అబద్ధం ఎక్కువసేపు నిలవలేదు.

డాక్టరు నెమ్మదస్తుడు. తెర మీద గీతలు చూసి, ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూసి, ఆ తర్వాత గాని మాట్లాడలేదు.

"సిగరెట్టు అలవాటుందా అమ్మా?"

"అయ్యో, లేదండీ."

"ఇంట్లో ఎవరన్నా కాలుస్తారా?"

"మా ఆయన కూడా ముట్టడు. ఫ్యాక్టరీ పొగ చాలదా అంటాడు."

"కట్టెల పొయ్యి?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ గ్యాసే."

"మీరు ఫ్యాక్టరీలో ఎప్పుడన్నా పనిచేశారా?"

"గేటు లోపలికి అడుగు కూడా పెట్టలేదు."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ అమ్మాయి చెప్పినదాన్ని బట్టి మీ ఆయన ఊపిరికన్నా మీది చాలా తక్కువగా ఉంది. అందుకే అడుగుతున్నాను. పొద్దున లేచింది మొదలు మీరు చేసే పనులన్నీ చెప్పండి. ఏదీ వదలొద్దు."

తన రోజు గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాడు ఆమెకు ఇంతవరకూ తగల్లేదు. ఊడవడం, వంట, నీళ్ళు పట్టడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. సాయంత్రం దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగింది.

"షిఫ్టు దిగి ఆయన రాగానే డ్యూటీ బట్టలు తీసుకుంటాను. అవి ఎలా పడితే అలా ఉతికేవి కావండీ. రాగి దుమ్ముకి నీళ్ళు తగిలాయంటే పచ్చ మరక కడుతుంది, ఇక జన్మలో పోదు. పెళ్ళయిన కొత్తలో తెలియక నానబెట్టేశాను. ఆ చొక్కా వేసుకుని వెళ్తే ఆయన్ని ఏడాదంతా చిలక అని పిలిచారు. అప్పుడు కనిపెట్టాను. ముందు తీగ మీద వేసి కర్రతో బాగా కొట్టి, విదిలించి, జేబులు తిరగేసి దులపాలి. దుమ్మంతా పోయాకే తడపాలి. ముందు దులుపు, తర్వాత తడుపు. మా వరసలో కాపరానికొచ్చిన ప్రతి కోడలికీ నేనే నేర్పాను. ఇప్పుడు అక్కడ ఒక్క పచ్చ చొక్కా కనపడదు."

డాక్టరు రాస్తున్నవాడు పెన్ను కింద పెట్టాడు. కూతురు గోడకు ఆనుకుంది. చిన్నప్పుడు ఆ బట్టల కింద దాగుడుమూతలు ఆడుతుంటే అమ్మ తరిమేది, తల మాస్తుందని.

"ఎక్కడ దులుపుతారమ్మా?"

"పెరట్లో. దుమ్ము పక్కింటికి పోకుండా చుట్టూ గోడ ఉంటుంది."

"మీ ఆయన ఫర్నేస్ దగ్గర ముక్కుకు ఏమన్నా కట్టుకుంటారా?"

"మాస్కు లేందే లోపలికి రానివ్వరట."

"మీరు?"

ఆమెకు నవ్వొచ్చింది. "ఇంట్లో మాస్కు ఎందుకండీ?"

ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె నవ్వు ఆగింది.

డాక్టరు తొందరపడకుండా చెప్పాడు. రాగి కరిగేటప్పుడు లేచే పొగ చల్లారితే సన్నటి పొడి అవుతుందన్నాడు. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుందట, కనపడనిదే లోపలిదాకా వెళ్తుందట. అందులో రాగి ఒక్కటే ఉండదు, రాగి తీసే ముడిరాయిలో ఉన్న మిగతా లోహాలు కూడా ఉంటాయి. అది ఊపిరి గొట్టాలను కొంచెం కొంచెం ఒరుస్తుంది. ఒరిసిన చోట వాపు, మానిన చోట మచ్చ. అలా ఏళ్ళ తరబడి జరిగితే గొట్టాలు ఇరుకైపోతాయి. పీల్చిన గాలి సరిగా బయటికి రాదు.

"మొత్తం దానివల్లేనని ఒట్టేసి చెప్పను. ఇంకా పరీక్షలు చేయాలి. కానీ మీరు చెప్పిన పనుల్లో నాకు భయం వేసింది ఆ ఒక్కదానికే."

"పోయిన ఊపిరి మందులతో వస్తుందా?" అని అడిగింది ఆమె.

"పోయింది పోయినట్టేనమ్మా. మిగిలింది నిలుపుకోవచ్చు. ఆ దుమ్ము ఇక పీల్చకుండా ఉంటే నిలుస్తుంది."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. కాసేపు తన అరచేతులు చూసుకుని, "మా పక్కింటి కొత్తపెళ్ళికూతురికి మొన్ననే నేర్పాను," అంది.

* * *

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ గుమ్మంలోనే ఉన్నాడు. స్టోర్‌లో సగం రోజు సెలవు పెట్టి వచ్చాడట. కూతురు సంగతంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన నిలబడే విన్నాడు.

"ఫ్యాక్టరీలో బట్టలు ఉతికే ఏర్పాటు లేదా నాన్నా?"

మేస్త్రీ గుమ్మం పక్కన చెప్పులు సరిచేశాడు.

"నాన్నా, నిన్నే. లాండ్రీ లేదా?"

"ఉంది."

"మరి?"

"ఇచ్చినవాళ్ళకి ఇచ్చినవి తిరిగిరావు. ఎవడి ప్యాంటో ఎవడికో వస్తుంది. పైగా..." ఆయన భార్య వైపు చూడలేకపోయాడు. "పైగా మీ అమ్మ ఉతికినట్టు ఎవరూ ఉతకలేరు. నా చొక్కా చూసి మేనేజరే అడిగాడు ఒకసారి, ఎక్కడ ఉతికిస్తావయ్యా అని. అందరూ ఇంటికే తెచ్చుకోవడం మొదలుపెట్టారు."

"డ్యూటీ బట్టలు బయటికి తీసుకెళ్ళొద్దని చెప్పలేదా ఎవరూ?"

"గేటు దగ్గర బోర్డు ఉంది."

"చదవలేదా?"

"రోజూ దాని కిందనుంచే వస్తాను," అన్నాడు మేస్త్రీ. "దొంగతనం గురించి అనుకున్నాను. గుడ్డల్లో రాగి ముక్కలు దాచుకుపోతారని పెట్టారనుకున్నాం అందరం. మనం దొంగలం కాదు కదా, మనకెందుకులే అనుకున్నాం."

కూతురికి అరవాలని ఉంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

తల్లి లేచి పెరట్లోకి వెళ్ళింది. తీగ మీద మొన్నటి స్టోర్ చొక్కా ఆరుతోంది. స్టోర్‌లో దుమ్మేముంటుంది? అయినా నిన్న దాన్నీ కర్రతో కొట్టింది. ఏమీ రాలలేదు. ఏమీ రాలకపోతే ఏదో వెలితిగా అనిపించిందని ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

మేస్త్రీ వెనకే వచ్చాడు. కర్ర మూల నిలబెట్టి ఉంది. చేత్తో పట్టుకునే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. ఆయన దాన్ని తీసి, ఏం చేయాలో తెలియక, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"నాతో ఒక్కసారన్నా చెప్పలేదే, ఆయాసం వస్తోందని," అన్నాడు.

"మీరు దగ్గుతుంటే నాదేం చెప్పను? ఇంట్లో ఒకరికి వస్తే చాలు కదా రోగం అనుకున్నాను."

"నన్ను తిట్టు."

"తిట్టడానికి ఊపిరి ఖర్చు చెయ్యొద్దన్నాడు డాక్టరు," అంది. ఆ మాట డాక్టరు అనలేదు. మేస్త్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాడు.

అప్పుడు ఫ్యాక్టరీ సైరన్ మోగింది. పగటి షిఫ్టు దిగింది. కాసేపటికి వీధిలో సైకిళ్ళు, స్కూటర్లు, గుమ్మాల తలుపులు. ఆ తర్వాత ఏమొస్తుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దానికోసమే ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డారు.

గోడ అవతల మొదటి దెబ్బ పడింది. పక్కింటి కొత్తపెళ్ళికూతురు. కొత్త చేతులు, దెబ్బకీ దెబ్బకీ మధ్య తేడా. అయినా కొట్టే తీరు సరిగ్గా నేర్చుకుంది, భుజాల దగ్గర రెండు, జేబు దగ్గర మూడు.

"ఆగు, నేను చెప్తాను," అన్నాడు మేస్త్రీ గోడ వైపు కదులుతూ.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నేర్పింది నేను. చెప్పాల్సిందీ నేనే."

ఛాతీ నింపుకుని పిలిచింది. ఒకప్పుడు వీధి చివర ఆటలాపిన ఆ పిలుపు గోడదాకా వెళ్ళి, కర్ర చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ పిలిచింది. ఈసారి తనకే సరిగా వినపడలేదు. అవతల దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

మేస్త్రీ నోరు తెరవబోయాడు. ఆమె చెయ్యి దించలేదు. గోడ పక్క చిన్న తలుపు తీసుకుని తానే నడిచింది. ఉన్నది నాలుగడుగులే, మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగింది.

కొత్తపెళ్ళికూతురు జుట్టు మీద, కనురెప్పల మీద సన్నటి పొడి. సాయంత్రపు ఎండలో చుట్టూ గాలంతా మెరుస్తోంది. పెద్దమ్మను చూసి ఆ పిల్ల మెచ్చుకోలు కోసం చొక్కా ఎత్తి చూపించింది.

"చూడండి, ఇంక ఏమీ రాలడం లేదు. ఇప్పుడు తడపొచ్చా?"

"దులపకు," అంది పెద్దమ్మ.

"అదేంటి? ముందు దులుపు, తర్వాత తడుపు అని మీరే కదా చెప్పింది?"

చెప్పాల్సింది చాలా ఉంది. అద్దాల పెట్టె, కుంగిన గీత, గేటు మీది బోర్డు, ఇన్నేళ్ళుగా తాను వరసంతా తిరిగి గొప్పగా నేర్పిన తప్పు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా ఆమెకు తెలుసు. నోరు తెరిచింది. ఊపిరి అందలేదు. ఆ పిల్ల చేతిలోని చొక్కాను రెండు చేతులా పట్టుకుని, వదలకుండా నిలబడింది.

"పెద్దమ్మా, ఏమైంది?" అని ఆ పిల్ల అడుగుతుండగానే అవతలి పెరట్లో కర్ర లేచింది. దాని అవతల ఇంకొకటి. ఆ తర్వాత వరస వరసంతా.